చొల్లంగి అమావాస్య దాకా మూసిన పాయ

జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ ముప్పై రెండేళ్లు గడిపి, పదవీ విరమణ చేసిన రెండో నెలలోనే, తాళ్లరేవు మండలంలో నేను పుట్టి పెరిగిన ఊరివాళ్లు నన్ను మడ అడవి కమిటీలోకి లాగారు. కమిటీ తరఫున అయిదేళ్ల ప్రణాళిక రాసి ఇమ్మని పైనుంచి ఉత్తరం వచ్చిందట. అది తెలుగులో ఒక ప్రతి, ఇంగ్లీషులో ఒక ప్రతి ఉండాలట. రెండూ రాయగలిగి, పైగా ఖాళీగా కూర్చున్నవాడు ఊళ్లో నేనొక్కడినే. మూడు వారాల పని అనుకుని ఒప్పుకున్నాను. పద్నాలుగు నెలలు పట్టింది. అందులో రాత పనికి పట్టినది నిజంగా మూడు వారాలే. మిగిలిన కాలమంతా, నీళ్ల మీద గీత ఎలా గీస్తారు, గీస్తే దాన్ని ఎవరు కాస్తారు అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరగడానికి సరిపోయింది.

కోరింగ వన్యప్రాణి అభయారణ్యాన్ని 1978 జూలైలో ప్రకటించారు. దాని విస్తీర్ణం 235.70 చ.కి.మీ. గౌతమి గోదావరి నుంచి చీలిన కోరింగ, గాడేరు పాయల మధ్య అల్లుకున్న మడ అడవి ఒక భాగం, తూర్పున కాకినాడ బేకు అడ్డుగోడలా పడుకున్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ మరొక భాగం. అంటే ఒకే కాగితం మీద చెట్టూ ఉంది, ఏరూ ఉంది, ఇసుకా ఉంది, సముద్రమూ ఉంది. చెట్టున్నచోట పోటు వస్తే నీరు, పాటు వస్తే నేల. బావురుపిల్లి రాత్రి చేప పట్టుకునేదీ, పగలు మనిషి వల వేసేదీ ఒకే గట్టు దగ్గర. ఇటువంటి చోట భూమికి ఒక శాఖ, చేపకు ఒక శాఖ, రేవుకు ఒక శాఖ అని పంచుకుంటే, పోటు వచ్చినప్పుడల్లా శాఖలు మారిపోవాలి.

హద్దు రాళ్ల సంగతి మొదట చెప్పాలి. కమిటీ పరిధి చూపించమని అడిగినప్పుడు, మా బీటు ఆఫీసరు గారు నన్ను నావలో తీసుకెళ్లి ఒక పాయ మలుపులో ఆపి, అడుసు వైపు చేయి చూపించి, "రాయి ఇక్కడే పాతామండీ" అన్నారు. అక్కడ రాయి లేదు. ఎవరూ పీకలేదట, అడుసులోకి దిగిపోయిందట. ఆ తరవాత గుర్తుగా పెట్టుకున్న కళింగ చెట్టు గట్టుతో సహా కోతకు పోయింది. చివరికి ప్రణాళికలో హద్దును అక్షాంశ రేఖాంశాలతో రాశాను. కాగితం మీద అది నిక్కచ్చిగా కనిపించింది గాని, వల వేసే మనిషి దగ్గర ఆ అంకెలు చూపించే సాధనం లేదు.

నేల సగం పని నాకు సులువుగా అర్థమైంది. పూర్వం కట్టెల కోసం మడను గుత్తగా నరికేసిన చోట నేల క్రమంగా కుంగి, పళ్లెంలాగా గుంటపడుతుంది. పెద్ద పోటుకు లోపలికి వచ్చిన నీరు పాటుతో వెనక్కి పోలేక అక్కడే నిలిచిపోతుంది. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. మళ్లీ పోటు, మళ్లీ ఉప్పు. కొన్నేళ్లకు తెల్లమడ గింజ కూడా మొలవని చవిటి నేల తయారవుతుంది, ఇలకూర తప్ప మరేదీ బతకదు. దీనికి మందు చేపముల్లు కాలువలు. పాయ నుంచి ఒక పెద్ద కాలువ లోపలికి తీసి, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వితే, పైనుంచి చూసినప్పుడు చేప వెన్నెముక, దానికి అంటుకున్న ముళ్లు లాగా కనిపిస్తుంది. పోటు నీరు వాటిలోంచి వచ్చి ఉప్పును కడిగి, పాటుతో తిరిగి తీసుకుపోతుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వారు 1990ల చివరి నుంచి మా గోదావరి మడల్లో గ్రామ కమిటీలతో కలిసి ఈ పద్ధతిలో పని చేయించారు. ఆనాడు నాటినవి ఇప్పుడు గుబురుగా నిలబడి ఉన్నాయి.

మా వంతుకు వచ్చిన ముక్కలో మాత్రం, అంతకు రెండేళ్ల ముందు ఎవరో కాంట్రాక్టరు తవ్వించిన కాలువలు ఉన్నాయి, మొక్కలు లేవు. నాటిన తెల్లమడ మొక్కలన్నీ ఆకు రాల్చి పుల్లలై నిలబడ్డాయి. మొక్కలు మంచివి కావని ఒకరు, పశువులు మేశాయని ఒకరు అన్నారు. పశువులు మేసిన మాట కొంత నిజమే. అయితే ఊళ్లో ఒక తాపీమేస్త్రీ తన నీళ్ల లెవెలు పైపు తీసుకుని మాతో వచ్చాడు. ఆ పొద్దు నేను మోకాళ్ల లోతు అడుసులో పైపు ఒక కొస పట్టుకుని కాలువ నోటి దగ్గర నిలుచున్నాను, అతను రెండో కొసతో లోపలి చివరికి నడిచాడు. అక్కడినుంచి చేయెత్తి జానెడు వెడల్పు చూపించాడు. లోపలి అడుగు నోటికన్నా జానెడు పల్లం. మన తీరంలో అమావాస్య నాడు కూడా పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు మీటరున్నర, మామూలు రోజుల్లో ఇంకా తక్కువ. అటువంటి చోట జానెడు అంటే చాలా ఎక్కువ. నీరు లోపలికి రావడానికి కాలువ తవ్వారు, వెనక్కి పోవడానికి తవ్వలేదు. లోపలి మడుగులో ఉప్పు కొలిస్తే సముద్రపు నీటికి రెట్టింపు దాటి చూపించింది.

కాలువను సరిచేసి, గోదావరి వరద నీటితో ఉప్పు పలచబడిన తరవాత, కార్తీక మాసంలో మళ్లీ నాటాము. తెల్లమడ, నల్లమడ ఎక్కువగా, పాయ అంచున కొన్ని ఉప్పుపొన్న. ఉప్పుపొన్న గింజ చెట్టుమీద ఉండగానే మొలకెత్తి మునక్కాయలాగా వేలాడుతుంది కనుక, దాన్ని తెచ్చి అడుసులో గుచ్చడమే పని, చిన్నపిల్లలు కూడా చేస్తారు. ప్రణాళికలో ఈ భాగం రాస్తున్నప్పుడు నాకు ఒక చిక్కు ఎదురైంది. తవ్వకానికి పద్దు ఉంది, మొక్కకు పద్దు ఉంది, ఏటేటా కాలువ నోట్లో చేరే పూడిక తీయడానికి పద్దు లేదు. ఇళ్లల్లో కూడా గోడ కట్టడానికి అప్పు పుడుతుంది, వెల్ల వేయడానికి పుట్టదు. ఆ పద్దు కోసం నాలుగు ఉత్తరాలు రాశాను, నాలుగోదానికి జవాబు వచ్చింది.

సముద్రం సగంలో తాబేళ్లు ఉన్నాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి వేసవి మొదలయ్యే దాకా మా తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. తల్లి రాత్రిపూట వచ్చి వెనక కాళ్లతో అడుగున్నర లోతు కూజాలాంటి గుంట తీసి, నూరు నూట ఇరవై గుడ్లు పెట్టి, పైన ఇసుక కప్పి, తిరిగి చూడకుండా పోతుంది. కుక్కలూ నక్కలూ వాటిని తవ్వి తింటాయి కనుక, గుడ్లను తెల్లవారేలోగా ఏరి, కంచె వేసిన చోట అదే లోతున తిరిగి పాతిపెట్టాలి. ఏ గుడ్డు ఎలా ఉన్నదో అలాగే ఎత్తి అలాగే దించాలి. కొన్ని గంటలు గడిస్తే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు తిరగబడితే అది చచ్చిపోతుంది. ఈ సంగతి నేను ఎన్నో ఏళ్లు బోర్డు మీద రాశాను గాని, చీకట్లో వంగి, ఒక్కొక్క గుడ్డునూ నీళ్లు నిండిన దీపపు ప్రమిదలాగా పట్టుకుని నడిచిన రాత్రే అది నాకు తెలిసింది.

ఆ కంచెకు చోటు చూసింది నేనే. కాపలావాళ్లకు నడక తక్కువగా ఉంటుందని నీటికి కాస్త దగ్గరగా వేయించాను. "కాస్త పైకి పోదామండీ, పున్నమి పోటు ఇక్కడికి వస్తాది" అని కాపలా కుర్రవాడు అన్నాడు, నేను వినలేదు. ఫాల్గుణ పున్నమికి నీరు వచ్చింది. పదకొండు గూళ్లు పోయాయి. ప్రణాళికలో "గూళ్ల కంచె స్థలాన్ని స్థానిక కాపలాదారులు నిర్ణయించవలెను" అన్న వాక్యం అలా వచ్చింది. దాన్ని చదివిన ఒక అధికారి, స్థానికుల భాగస్వామ్యం గురించి చక్కగా రాశారని మెచ్చుకున్నారు.

చచ్చిన తాబేళ్ల విషయం వేరు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం తీరం నుంచి 8 కి.మీ. దాకా మరబోట్లు వేటాడకూడదు, అది తెప్పలవాళ్లకూ నాటు పడవలవాళ్లకూ వదిలిన నీరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. తాబేళ్లు ఒడ్డుకు వచ్చే కాలం మాత్రం ఆ నిషేధానికి ముందే చాలావరకు అయిపోతుంది. వలలో చిక్కిన తాబేలు ఊపిరికి పైకి రాలేక మునిగి చస్తుంది. వలకు తాబేలు బయటపడే చట్రం బిగిస్తే బతుకుతుంది, అయితే ఆ కన్నంలోంచి చేప కూడా పోతుందని బోటువాళ్ల ఫిర్యాదు. మా కమిటీ అధికారం నీటి అంచుతో ఆగిపోతుంది కనుక ఇందులో మేము చేయగలిగింది లెక్క రాసుకోవడమే.

ఈ దశలో, వేరే దేశాలవాళ్లు ఇటువంటి చోట్లను ఎలా నడుపుకుంటున్నారో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. పసిఫిక్ మహాసముద్రంలో పలావ్ అని ఒక చిన్న ద్వీప దేశం ఉంది, జనాభా సుమారు 18,000, అంటే మన దగ్గర ఒక పెద్ద పంచాయతీ. అంతలోనే 16 రాష్ట్రాలు. 2003లో వాళ్లు ఒక చట్టం చేసి, రాష్ట్రాలు కాపాడుకుంటున్న చోట్లన్నిటినీ ఒకే వరుసలో చేర్చారు. అందులో పగడపు దిబ్బలూ మడలూ ఉన్నాయి, మెలెకియోక్ రాష్ట్రంలోని న్గార్డోక్ సరస్సు, దాని చుట్టూ ఉన్న అడవి వంటి నేల భాగాలూ ఉన్నాయి. కాపలావాళ్ల జీతాలకూ పడవల నూనెకూ డబ్బు పర్యాటకుల నుంచి వస్తుంది. మొదట దేశం విడిచి వెళ్లేటప్పుడు ఒక రుసుము తీసుకునేవారు, 2018 నుంచి 100 డాలర్లు విమానం టిక్కెట్టులోనే కలిపారు. 2015లో మరొక చట్టం చేసి, 2020 జనవరి 1 నుంచి తమ సముద్ర ఆర్థిక మండలంలో 80 శాతం నీటిలో చేపల వేటను మూసేశారు. వీటన్నిటికన్నా ముందు నుంచీ వాళ్లకు 'బుల్' అన్న ఆచారం ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలోనో, పట్టుబడి తగ్గినప్పుడో ఊరి పెద్దలు ఫలానా దిబ్బను మూశామని ప్రకటిస్తారు, ఎవరూ అక్కడ వేటాడరు, పెద్దలు తెరిచినప్పుడు తెరుస్తారు.

ఇది చదివి నాకు ఉత్సాహం పొంగింది. తుపాను రక్షణ భవనంలో మీటింగు పెట్టించి, గోడమీద ప్రపంచ పటం తగిలించి చెప్పాను. దేశం పేరు పలావ్ అనగానే పది నిమిషాలు నవ్వుతోనే పోయాయి, భోజనాలు కూడా ఉన్నాయేమోనని ఎవరో వెనక నుంచి అడిగారు. నవ్వులు ఆగిన తరవాత, ముందు వరుసలో ఒక పెద్దాయన లేచాడు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో నావా, వలలూ పోగొట్టుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిన మనిషి. మడ దట్టంగా ఉన్న వైపు ఇళ్లకు ఆ రాత్రి దెబ్బ తక్కువ తగిలిందని ఊళ్లో అందరికన్నా గట్టిగా చెప్పేది ఆయనే, కనుక అడవికి శత్రువు అనడానికి వీలులేదు.

"మాస్టారూ, ఆళ్లు మూసిన నీళ్లలో వేటాడేది ఎవరండీ?" అని అడిగాడు.

ఎక్కువగా విదేశాల ఓడలని చెప్పాను.

"అదీ సంగతండి. ఆళ్లు మూసింది పరాయోళ్ల ఓడల్ని. ఇక్కడ మూసేది మమ్మల్నండి."

నా దగ్గర జవాబు లేదు. ఆ 80 శాతం అన్న అంకె నన్ను ఎంతగా ఆకట్టుకున్నదంటే, అది ఎవరి ముఖం మీద మూసిన తలుపో నేను అడగనే లేదు. పలావ్ మనిషి తన ఒడ్డుకు దగ్గరగా వేటాడుకుంటాడు, మూసిన నీరు దూరాన ఉంది. మా ఊళ్లో మూయవలసిన పాయ పెరటి గుమ్మం ముందు ఉంది. ఇదే సంగతి మన చట్టం చేసినవాళ్లకు తట్టకపోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 26ఏ సెక్షను, ప్రాదేశిక జలాలను అభయారణ్యంలో కలపవలసి వస్తే కేంద్ర ప్రభుత్వపు చీఫ్ నావల్ హైడ్రోగ్రాఫరును సంప్రదించి హద్దు నిర్ణయించాలనీ, స్థానిక మత్స్యకారుల వృత్తి ప్రయోజనాలను కాపాడే చర్యలు తీసుకున్న తరవాతే ఆ పని చేయాలనీ చెబుతుంది. ఆ వాక్యాన్ని నేను మీటింగులో తెలుగులో చదివి వినిపించాను. పెద్దాయన మరొకసారి చదవమన్నాడు.

ఆ రోజు మాట ముందుకు సాగింది పలావ్ చట్టాల వల్ల కాదు, బుల్ వల్ల. మండపీతలు కొని కాకినాడ పంపే ఒకామె అంతసేపూ గుమ్మం దగ్గర కూర్చుని వింటూ ఉంది. "ఊరే మూసి ఊరే తెరిచేదైతే ఒక మాట చెబుతానండీ. చంటి పీతకి షావుకారు డబ్బివ్వడు. కొత్తగా డొల్ల మార్చుకున్న మెత్తపీతకీ ఇవ్వడు. అయినా పట్టేత్తన్నారు, నేను పట్టకపోతే ఇంకోడు పట్టేత్తాడని. అందరూ ఒక్కసారే ఆపితే తూకం వస్తాదండి" అంది. మూసేది ఏ పాయ అన్నదానికి రెండు గంటలు పట్టింది. మగవాళ్లు దూరపు పాయ చూపించారు, ఎందుకంటే అక్కడికి ఎలాగూ ఎవరూ పోరు. ఆడవాళ్లు దగ్గరి పాయ అన్నారు, గట్టున నిలబడి చూస్తే ఎవరు దిగారో కనిపిస్తుంది కనుక. దగ్గరిదే నిలిచింది. దీపావళి అమావాస్య నుంచి చొల్లంగి అమావాస్య దాకా, మూడు నెలలు, పీత పట్టకూడదు, కట్టు వల కట్టకూడదు, నావ మాత్రం పోవచ్చు. పుష్య మాసపు అమావాస్య నాడు చొల్లంగిలో సముద్ర స్నానానికి ఊరు ఊరంతా పోతుంది కనుక, తెరిచే రోజు ఎవరికీ గుర్తు చేయనక్కరలేదు.

తీర్మానాన్ని ప్రణాళికలో చేర్చి, సంబంధిత కార్యాలయానికి పంపాను. నెలన్నర తరవాత తిరిగి వచ్చింది. మొదటి అభ్యంతరం, అమావాస్య అని రాయకూడదు, తేదీలు రాయాలి. చొల్లంగి అమావాస్య ఒక ఏడు జనవరిలో వస్తుంది, ఒక ఏడు ఫిబ్రవరిలో వస్తుంది, పోటు మాత్రం ప్రతి ఏడూ దానితోనే వస్తుంది అని వివరించాను. నవంబరు 1 నుంచి జనవరి 31 అని వేస్తే సరిపోతుంది కదా అన్నారు. రెండో అభ్యంతరానికి మాత్రం నాకు మాట పడిపోయింది. అభయారణ్యంలో 29వ సెక్షను కింద అనుమతి లేకుండా ఏ జీవినీ తీసుకుపోకూడదు, అందులో నీటి జీవులూ ఉన్నాయి. కనుక మూడు నెలలు నిషేధమని ప్రణాళికలో రాస్తే మిగిలిన తొమ్మిది నెలలు అనుమతి ఇచ్చినట్టు అవుతుంది. ఆ కాగితం మీద సంతకం ఎవరు పెడతారు?

అభ్యంతరం రాసిన అధికారి అన్నది తప్పు కాదు. ఏడాది పొడుగునా మూసి ఉన్నట్టు రాసిన తలుపును మళ్లీ మూయడం కుదరదు. అది తెరిచి ఉందని ఎవరైనా ఒప్పుకుంటేనే మూయగలరు. కాగితంలో ఒప్పుకోరు, పాయలో అందరికీ తెలుసు. అభయారణ్యం ప్రకటించకముందు నుంచీ అక్కడ వల వేసి బతుకుతున్నవాళ్ల సంగతి ఇలా మాట లేని చోట ఉండిపోయింది. పలావ్ పెద్దలకు ఈ బాధ లేదు. తమదైన నీటిని తాము మూశారు.

దారి చూపినది మా ప్రాంతపు ఒక ఫారెస్టు అధికారి, నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవారు. "మాస్టారు గారూ, మీ ప్రణాళికలో నిషేధం అన్న మాటే వద్దండి. ఆ మూడు నెలలూ అదనపు పర్యవేక్షణ కాలం అని రాయండి. పర్యవేక్షణ పెంచడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. మిగతాది మీ కమిటీ మినిట్స్ పుస్తకంలో రాసుకోండి" అన్నారు. అలాగే రాశాను. ప్రణాళిక ఆమోదం పొందింది. అందులో నవంబరు 1 నుంచి జనవరి 31 అని ఉంది, మినిట్స్ పుస్తకంలో అమావాస్యలు ఉన్నాయి.

దీపావళి మర్నాడు పాయ నోట్లో ఒక సరుగుడు గడ పాతి, దానికి పాత ఎర్ర చీర ముక్క కట్టారు. మొదటి నెలలో పక్క ఊరి నావ ఒకటి లోపలికి వచ్చింది. గట్టున ఉన్న ఆడవాళ్లు కేకలు వేశారు, అతను తిట్టి వెళ్లిపోయాడు. రెండో నెలలో వాయుగుండం వచ్చి గడ కొట్టుకుపోయింది. నాలుగు రోజుల తరవాత చూస్తే అక్కడ కొత్త గడ ఉంది, గుడ్డను నీలం నైలాను తాడుతో కట్టారు. మా ఊళ్లో అందరూ పచ్చతాడు వాడతారు. ఎవరు పాతారో నేను వాకబు చేయలేదు.

చొల్లంగి అమావాస్య నాడు స్నానాలు చేసి వచ్చి గడ పెరికారు. నీటిలో ఉన్నంత మేరా గుల్లలు పట్టి గరుకుగా ఉంది, ఒక కుర్రవాడికి అరచెయ్యి కోసుకుంది. మర్నాడు పొద్దున్న పీతల తూకం దగ్గర నేను పుస్తకం పట్టుకుని కూర్చుని, ఏ ఇంటికి ఎన్ని కిలోలు, ఒక్కొక్క పీత ఎంత తూగింది అన్నది రాశాను. మొత్తం చూసి, ఎంత పెరిగింది మాస్టారూ అని పెద్దాయన అడిగాడు. నిరుటి తూకాలు ఎవరూ రాసిపెట్టలేదు కనుక చెప్పలేనన్నాను. తక్కెడ దగ్గర ఉన్నామె తల ఎత్తకుండానే, "రాసి దాచండి మరి, వచ్చే ఏడు అడుగుతారు" అంది.